పటం పట్టిన రాత్రి

ఎడమ భుజం కాస్త వంచు. చుట్టను అక్కడ ఆనిస్తారు. నువ్వనుకున్నదానికంటే బరువుంటుంది. 3 అడుగుల వెడల్పు, 30 అడుగులకు పైగా పొడవున్న ఖద్దరు గుడ్డ, దాని మీద సుద్ద, బంక, రంగులు. అదంతా ఇప్పుడు నీ మెడను ఒరుసుకుంటూ ఉంది. పైన కప్పిన పాతచీర జారిపోతోంది. పట్టుకోబోతావు.

"గుడ్డ పోతే పోనియ్యి బిడ్డా. పటం పైలం" అంటాడు ముందు నడుస్తున్న పెద్దాయన, వెనక్కి తిరక్కుండానే.

సిరిసిల్లలో ఏప్రిల్ సాయంత్రం. సందుకు రెండు పక్కలా రేకుల షెడ్లు, షెడ్ల నిండా మరమగ్గాలు. ఆ సాంచాల చప్పుడు చెవుల కంటే ముందు అరికాళ్లకు తెలుస్తుంది. నేల అదురుతూ ఉంటుంది. ఇవాళ మాత్రం ఒక్కో షెడ్డు దాటుతుంటే ఆ అదురు తగ్గిపోతోంది. మగ్గాలు నడిపించే ఆసాములు స్విచ్చులు ఆపేస్తున్నారు. కార్మికులు తువ్వాలతో మెడలు తుడుచుకుంటూ బయటికొస్తున్నారు. రాత్రికి వాడలో పటం కథ.

పెద్దాయన కూనపులి కులస్థుడు. పద్మశాలీలకు వాళ్ల కులపురాణం చెప్పే హక్కు ఆ కులానిది. తండ్రి ఏ ఊళ్లలో కథ చెప్పాడో కొడుక్కీ ఆ ఊళ్లే మిరాశీ. ఒకరి ఊళ్లోకి ఇంకొకరు పటం ఎత్తుకుపోరు. 2016లో సిరిసిల్ల కరీంనగర్ నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది గానీ, ఆయన మిరాశీ సరిహద్దులు మాత్రం మారలేదు.

రోజూ పటం అడుగున కూర్చుని చుట్ట విప్పే కుర్రాడు జ్వరంతో పడుకున్నాడు. గుంపులో వెతికిన పెద్దాయన కళ్లు నీ మీద ఆగాయి. "నీ చేతులకు చెమట పడ్తదా?" అనడిగాడు. పట్టదన్నావు. అలా ఈ బరువు నీ భుజానికొచ్చింది.

వాడ మధ్యలో రెండు వెదుళ్లు పాతి, పైన అడ్డంగా ఇంకో వెదురు కట్టారు. ముందు వరుసలో పిల్లలు. వాళ్ల వెనక ఆడవాళ్లు, ఒళ్లో చేటలు. చేటలో తునికాకు, పొగాకు, దారం. ఆదిలాబాద్ అడవుల్లో కోసిన ఆకు ఇక్కడ వీళ్ల వేళ్ల మధ్య బీడీగా మారుతుంది. కథ వింటారు, పాటకు తలూపుతారు, వేళ్లు మాత్రం ఆగవు. రాత్రి పని ఆగితే పొద్దున లెక్కలో కట్టలు తగ్గుతాయి.

చెప్పులు విడువు. పటం ఇంకా విప్పలేదు. ముందు కొబ్బరికాయ కొట్టాలి, ఊదుబత్తి ముట్టించాలి. వీళ్లకు ఇది దేవుడే. బొమ్మలన్నీ పూర్తయ్యాక, పూజ చేసిన తర్వాతే నకాశీ చిత్రకారుడు చివరగా కళ్లు దిద్దుతాడు. కళ్లు దిద్దేదాకా అది రంగులద్దిన గుడ్డ. దిద్దాక దాన్ని నేల మీద పెట్టడానికి కూడా వెనకాడతారు.

పై అంచును అడ్డ వెదురుకు కట్టారు. మిగతా చుట్ట నీ ఒళ్లోకి వచ్చింది. పని సులువే. కింద నువ్వు విప్పుతూ పోవాలి, అయిపోయిన భాగాన్ని పైన ఇంకొకతను చుట్టుకుంటూ పోతాడు. నువ్వు తొందరపడితే కథకుడి కంటే ముందు బొమ్మ కనబడిపోతుంది. ఆలస్యం చేస్తే ఆయన బెత్తం ఖాళీ గుడ్డను చూపిస్తుంది.

హార్మోనియం మొదలైంది. తాళాలు కలిశాయి. డోలు ఒక్కసారి మోగి ఆగింది.

విప్పు.

గణపతి. మొదటి బొమ్మ ఎప్పుడూ ఆయనదే. నువ్వు జానెడు దూరంలో ఉన్నావు కాబట్టి ఎదురుగా కూర్చున్నవాళ్లకు కనబడనివి నీకు కనబడతాయి. తొండం మీద కుంచె ఎక్కడ ఆగి మళ్లీ కదిలిందో, నల్లగీత ఎక్కడ సన్నబడిందో. ఉడత వెంట్రుకల కుంచె అది. గుడ్డను ముక్కు దగ్గర పెడితే పుల్లటి వాసన, చాలా పాతది. చింతగింజలది. నకాశీలుండే చేర్యాలలో ఈ గుడ్డను బొమ్మకు సిద్ధం చేసేటప్పుడు చింతగింజల అంబలి, తెల్లసుద్ద, తిరుమణి చెట్టు బంక కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరిన ప్రతిసారీ రుద్దుతారు. నీ బొటనవేలి కింద తగులుతున్న ఆ నున్నదనం అదే. గుడ్డ ముడతపడదు, చుట్టినా పగలదు. దాని మీద ఇంగిలీకపు ఎరుపు, నీలిమందు, దీపం మసి. ఈ పటాన్ని పెద్దాయన తండ్రి రాయించాడు. ఈ మధ్య చాలామంది అంగట్లో దొరికే రంగులే వాడుతున్నారు గానీ, ఇది పాతకాలపు పని.

ఒకటి గుర్తుంచుకో. ఈ రంగులను గుడ్డ మీద పట్టి ఉంచింది బంక. బంక నీళ్లకు కరుగుతుంది.

బెత్తం కదిలింది. మృకండు మహర్షి, ఆయన భార్య మరుద్వతి. పిల్లలు లేరు. తపస్సు చేశారు. శివుడు వచ్చాడు. పెద్దాయన గొంతు తగ్గించి శివుడి ప్రశ్నను శివుడే అడిగినట్టు అడుగుతాడు. గుణం లేని కొడుకు, నిండు నూరేళ్లు కావాలా? గుణవంతుడు, పదహారేళ్లకే పోయేవాడు కావాలా?

బెత్తం గాలిలో తిరిగి నీ వైపు ఆగింది.

"చెప్పు బిడ్డా. నువ్వయితే ఏది కోరుకుందువు?"

అందరూ నిన్నే చూస్తున్నారు. నోరు పెగలదు. ముందు వరుసలో ఒక పిల్ల నవ్వింది. వెనక చేట పట్టుకున్న ఒకామె చెయ్యి మాత్రం ఆగింది. కొన్నేళ్ల కింద ఈ ఊళ్లో అప్పుల బాధకు నేతన్నలు ప్రాణాలు తీసుకున్న రోజులు చూసిన వాడ ఇది. ఇంత తక్కువ ఆయుష్షు చాలనే మాట ఇక్కడ ఎవరూ తేలిగ్గా అనరు.

నువ్వు జవాబు చెప్పకముందే పెద్దాయన బెత్తం వెనక్కి తిప్పాడు. ఆయనకు నీ జవాబు అక్కర్లేదు. ఆ మౌనం కావాలి. ఆ మౌనంలోనే మరుద్వతి జవాబు చెబుతుంది: పదహారేళ్లు చాలు.

విప్పు. ఉయ్యాల. విప్పు. పిల్లాడు గురువు ముందు చేతులు కట్టుకుని. విప్పు. పూలబుట్ట. పదహారేళ్లూ పటంలో రెండు వరుసల్లో అయిపోతాయి. చిత్రకారుడు అక్కడ ఆగలేదు. ఆయనకు తొందర దేనికో కొంచెం సేపట్లో నీకే అర్థమవుతుంది.

ఈలోగా నీ కంటికి ఒకటి తగులుతుంది. ఇంతసేపటి నుంచి ప్రతి బొమ్మ వెనకా ఎరుపే. అడవిలోనూ ఎరుపే, ఇంట్లోనూ ఎరుపే, కైలాసంలోనూ ఎరుపే. ఆకాశం లేదు. కొండలు చిన్నబడుతూ దూరం పోవు. చెట్టంటే ఒక కాండం, నాలుగు కొమ్మలు, లెక్కపెట్టగలిగినన్ని ఆకులు. ఎవరి నీడా ఎక్కడా పడదు. ఇన్నింటిని ఎందుకు వదిలేశారు? చేతకాక కాదని ఆ తొండం మీది గీత చూశాక నీకు తెలుసు.

తలెత్తి చివరి వరుస చూడు. సందు మలుపు దగ్గర గోడకానుకుని ఒక ముసలామె. అంత దూరం నుంచి ఆమెకు కనుబొమలు కనబడవు, నగలు కనబడవు. కానీ ఎర్రటి నేల మీద పసుపు ఒళ్లు, నల్లటి అంచు, పెద్ద కన్ను కనబడుతున్నాయి. బెత్తం ఎవరి మీద పడితే వాళ్ల పేరు పెదవులతో పలుకుతోంది. కరెంటు లేని రోజుల్లో ఈ పటాలను నూనె దీపాల వెలుగులో, కాగడాల వెలుగులో చూసేవాళ్లు. వణికే మంట ముందు సన్నటి నీడలు, దూరపు కొండలు నిలవవు. నిలిచేదే గీశారు.

పుణ్యాత్ముల గాథలు గీసినవాళ్లు ఇంకెక్కడో కూడా ఈ దారికే వచ్చారు. 1867లో జర్మనీ, డెన్మార్క్ సరిహద్దు పల్లెలో పుట్టి, 1920లో ఆ నేల డెన్మార్క్‌లో కలవడంతో ఆ దేశ పౌరుడైన చిత్రకారుడు ఎమిల్ నోల్డే, 1912లో ఐగుప్తు మరియ అనే క్రైస్తవ పుణ్యాత్మురాలి గాథను మూడు పలకల మీద చిత్రించాడు. అలెగ్జాండ్రియా రేవులో మగవాళ్ల మధ్య ఒళ్లు మరచిన మరియ. మేరీమాత బొమ్మ ముందు మారుమనసు పొందిన మరియ. ఎడారిలో ప్రాణం విడిచిన మరియ, పక్కన ముసలి సన్యాసి, గొయ్యి తవ్వడానికి తోడొచ్చిన సింహం. మొరటు ముఖాలు, మండే రంగులు, ఉన్నదున్నట్టు కనబడాలన్న పట్టింపు లేదు. చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మల్లో తెలంగాణ ఆడవాళ్ల చీరల ఎరుపు, బొట్ల ఎరుపు చూసినవాళ్లకు ఈ తెగువ కొత్త కాదు. ఆయనా పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టినవాడే. నోల్డేకు నకాశీలు తెలియదు, నకాశీలకు నోల్డే తెలియదు. అయినా ఒక చావును, ఆ చావును దాటిన ఒక నమ్మకాన్ని బొమ్మలోకి తేవాల్సి వచ్చినప్పుడు ఇద్దరూ కంటికి రోజూ కనబడే లోకాన్ని పక్కకు నెట్టారు. అలా నెట్టగలగడమే ఈ పనిలో అసలైన నేర్పని నేను గట్టిగా నమ్ముతాను.

నోల్డే పలకలు ఇప్పుడు హాంబర్గ్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి ముందు మనిషి కదులుతాడు. ఇక్కడ మనుషులు కూర్చున్నారు, పటం కదలాలి. అది నీ చేతుల్లో ఉంది.

మొదట వాసన వచ్చింది. తడిసిన దుమ్ము వాసన.

మానేరు వైపు ఆకాశం ఒకసారి వెలిగి ఆరింది. చప్పుడు ఇంకా రాలేదు. పిల్లలు చూడలేదు. పెద్దాయన చూశాడు. పాట ఆపకుండానే నీ పక్కకు వచ్చి వంగాడు.

"యముని బొమ్మ ఎంత దూరముంది?"

చుట్టలో వేలు పెట్టి చూస్తావు. "ఇది అయినంక అదే, తాతా."

ఆయన ఇంకోసారి పైకి చూశాడు. ఏప్రిల్‌లో గాలివాన చెప్పి రాదు. వస్తే నిమిషాల్లో వస్తుంది. ఇప్పుడు పటం పొడిగా ఉంది. ఇప్పుడు చుట్టేస్తే ఏమీ కాదు. కథ రేపు చెప్పుకోవచ్చు.

"యముడు రాకముందు ఆపితే తప్పు లేదు" అన్నాడు మెల్లగా. "వచ్చినంక ఆపితే పోరణ్ణి పాశంల ఇడిచిపోయినట్టయితది. సుట్ట నీ చేతులున్నది. విప్పుతవా, సుడ్తవా?"

పిల్లల వైపు చూస్తావు. ఒక్కడూ కదల్లేదు. చేటల దగ్గర వేళ్లు నెమ్మదించాయి. వాళ్లందరికీ ఈ కథ తెలుసు, చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఎదురు చూస్తున్నారు.

విప్పావు.

ముందు కొమ్ములు. దున్నపోతు కొమ్ములు, పటం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. తర్వాత కళ్లు. తర్వాత దాని మీద కూర్చున్నవాడు. నీలం ఒళ్లు. పొడవాటి మీసాలు. ఇంతవరకూ ఒక్కో వరుసలో ముగ్గురు, నలుగురు మనుషులు పట్టారు. ఈ వరుసలో యముడొక్కడే. చోటంతా ఆయనే తీసుకున్నాడు. రెండు వరుసల్లో పదహారేళ్లు దాటించిన చిత్రకారుడి తొందర ఇందుకే.

డోలు వేగం పెంచింది.

గాలి వచ్చింది.

పటం ఉబ్బింది. చుట్ట నీ ఒళ్లోంచి లేచింది. మోకాళ్లతో నొక్కావు. వెదురు కిర్రుమంది. పైన ఉన్నతను రెండు చేతులతో అడ్డకర్రను పట్టుకున్నాడు. ఎక్కడో రేకు లేచి పడింది.

కరెంటు పోయింది.

చీకటి. డోలు ఆగలేదు. పెద్దాయన గొంతు ఆగలేదు. చీకట్లోనే యముడు పిలుస్తున్నాడు, బాలుడు జవాబిస్తున్నాడు. ఒక ఫోను వెలిగింది. ఇంకోటి. ఇంకో పది. ఊగే వెలుగులు పటం మీద పడ్డాయి.

చూడు.

ఎరుపు కదులుతోంది. దున్న కదులుతోంది. గాలికి గుడ్డ ఊగుతుంటే యముడి చెయ్యి లేస్తోంది, దిగుతోంది. ఇందాక అడిగావే, ఆకాశం ఎందుకు గీయలేదని. ఆకాశం ఉంటే పారిపోవడానికి చోటుండేది. ఇప్పుడు బాలుడి వెనక ఎరుపు. ముందు ఎరుపు. చోటు లేదు.

విప్పు.

బాలుడు. శివలింగాన్ని రెండు చేతులా కరుచుకుని ఉన్నాడు. ముఖం ఇటు తిరిగి ఉంది. కన్ను పెద్దది. నిన్నే చూస్తోంది. పై బొమ్మలోంచి ఒక గీత దిగింది. యముడి చేతి నుంచి. రెండు బొమ్మల మధ్య పూల అంచు ఉంది. ఇంతవరకూ ఏ బొమ్మా ఆ అంచు దాటలేదు. ఈ గీత దాటింది. బాలుడి మెడ చుట్టూ తిరిగింది. లింగం చుట్టూ కూడా తిరిగింది.

పాశం పడింది.

టప్.

నీ మణికట్టు మీద. చల్లగా.

టప్. పటం అంచు మీద. పసుపు పువ్వు చెదిరింది.

చుట్టాలా? తడి మీద చుడితే బొమ్మకు బొమ్మ అంటుకుంటుంది. మళ్లీ విప్పితే యముడి ముఖం బాలుడి ఒంటి మీద ఉంటుంది. వదలాలా? వదిలితే కారిపోతుంది. నిలబడి ఆలోచించే సమయం లేదు. వంగావు. వీపు పటానికి అడ్డం పెట్టావు. చినుకులు వీపు మీద పడుతున్నాయి. చుట్టను కడుపుకు హత్తుకున్నావు. చేతులకు చెమట పట్టింది. పట్టదని చెప్పావు. పట్టింది.

"తాతా! సుట్టాల్నా?"

ఆయన వినలేదు. వినదలచుకోలేదు. గొంతు పెంచాడు. బాలుడు శివుణ్ని పిలుస్తున్నాడు. పిలుస్తూనే ఉన్నాడు.

"తాను తేండ్రా!"

ఎవరో ఆడమనిషి అరిచింది. చేట గడపలోకి తోసి, కొంగు బిగించి, షెడ్డు వైపు పరుగెత్తింది. తునికాకు సగం బయటే పడింది. తడుస్తోంది. తడిసిన ఆకు బీడీకి పనికిరాదు. ఆమె వెనక్కి చూడలేదు. నలుగురు మగవాళ్లు ఆమె వెనక. షెడ్డు తలుపు. చీకటి. సాంచె మీంచి దించిన తాను. తెల్ల పాలిస్టరు. పరుగు.

పటం మీద పరిచారు. ఎనిమిది చేతులు. పన్నెండు. గుడ్డలోంచి నీళ్లు దిగుతున్నాయి. "ఇంకో మడత!" వేశారు. "ఇంకోటి!" వేశారు. నీళ్లు ఇప్పుడు అంచుల నుంచి జారుతున్నాయి. పక్కలకు. పటానికి దూరంగా.

కింద నువ్వు. పటం. ముగ్గురు పిల్లలు. ఒక ఫోను వెలుగు. పెద్దాయన బెత్తం.

"విప్పు బిడ్డా."

వేలు జారింది. అంచు దొరకలేదు. మళ్లీ జారింది. చొక్కాకు తుడిచావు. దొరికింది.

విప్పావు.

లింగం చీలింది. శివుడు. తెల్లటి ఒళ్లు, పైకెత్తిన కాలు. ఆ కాలు కింద యముడు, తలకిందులుగా, మీసాలు కిందకి, కిరీటం ఎక్కడో. దున్న అటు తిరిగి పరుగెత్తుతోంది. పాశం తెగి రెండు ముక్కలై ఎర్రటి నేల మీద పడి ఉంది.

డోలు ఒక్కసారి గట్టిగా మోగింది. గుడ్డ పట్టుకున్నవాళ్లకు కింద ఏముందో కనబడదు. కానీ డోలు తెలుసు. పైనుంచి అరుపు లేచింది. వానలో, చీకట్లో, తాను బరువుకు చేతులు నొప్పి పుడుతుండగా అరిచారు. ముసలామె కూడా ఆ చేతుల్లో ఉంది. గోడ దగ్గర నుంచి ఎప్పుడు వచ్చిందో నువ్వు చూడలేదు.

మార్కండేయుడికి చావు లేదు. ఎప్పటికీ పదహారేళ్లే. పెద్దాయన ఆ మాట చెప్పి మంగళం పాడాడు. అప్పటికి వాన వెలిసింది. ఏప్రిల్ వాన అంతే.

ఇప్పుడు ఊపిరి పీల్చుకో. పని మాత్రం అయిపోలేదు. పటాన్ని చుట్టకుండా, విప్పిన భాగం విప్పినట్టే, ఆరుగురు పట్టుకుని షెడ్డులోకి నడిపించారు. సాంచాల మధ్య దారిలో కొత్త గుడ్డ పరిచి దాని మీద పొడవునా వాల్చారు. రెండు ఫ్యాన్లు తెచ్చారు. కరెంటు వచ్చేదాకా తువ్వాళ్లతో విసిరారు. పెద్దాయన మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో వరుసా చూస్తున్నాడు. దున్న కొమ్ము ఒకటి కారింది. అంచులో నాలుగు పువ్వులు పోయాయి. బాలుడి కన్ను మిగిలింది. ఆయన అక్కడ చాలాసేపు ఆగాడు.

"బాగయితదా తాతా?"

"కొమ్ముకేమున్నది, చేర్యాలకు తీస్కపోతే రాసిస్తరు."

బాగుపడని రోజు వస్తే ఏం చేస్తారో కూడా ఆయనే చెప్పాడు, నువ్వడగకుండానే. చినిగి, రంగు పోయిన పటాన్ని మూల పడేయరు. ముందు దాన్ని చూసి కొత్తది రాయిస్తారు. తర్వాత మనిషికి చేసినట్టే కర్మ చేసి నదిలో వదులుతారు. ఆయన తాత పటాన్ని ఆయన తండ్రి ధర్మపురిలో గోదావరికి ఇచ్చాడు. ధర్మపురి నరసింహస్వామి గుడి ఆవరణలో యమధర్మరాజుకు కూడా గుడి ఉంది. యముడికి గుడి ఉన్న ఊళ్లు చాలా అరుదు. రాత్రుళ్లు పటంలో తన్నులు తిన్న యముడికి అక్కడ దీపం పెట్టి, దండం పెట్టి, ఆ తర్వాతే పటాన్ని నీళ్లలో వదిలారట.

ఇంతకాలంలో పట్నం నుంచి పటాలు కొనేవాళ్లూ వచ్చారు. పాత పటాలకు మంచి ధర పలుకుతుంది. ఇలాంటి పద్మశాలి పటం ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పాత పటాలను జగదీశ్ మిట్టల్ వంటి కళాసేకర్తలు వెతికి, సేకరించి ఉండకపోతే, నకాశీల చేతి పని ఒకప్పుడు ఎలా ఉండేదో మనకు ఇంత వివరంగా తెలిసేది కాదు. గోదావరిలో కలిసిపోయినవి ఎంత గొప్పవో ఎవరం చూడలేం. ఆ నష్టం నిజంగా నష్టమే, దాన్ని తక్కువ చేయలేను. కానీ ఇప్పుడు నువ్వు చూసింది కూడా నిజమే. గాలి లేకపోతే, డోలు లేకపోతే, కింద చుట్ట పట్టిన చేతులు లేకపోతే ఆ గీత అంచు దాటినా ఎవరి గుండే అదరదు. మ్యూజియం గుడ్డను దాచగలదు. ఈ వాడ దాన్ని కాపాడింది. రెండూ కావాలి. ఒకటే దక్కేటట్టయితే, నేను వాడ వైపే నిలబడతాను. తునికాకు తడుస్తుంటే వెనక్కి చూడకుండా తాను కోసం పరుగెత్తిన ఆ మనిషి వైపు.

ఆమె ఇప్పుడు షెడ్డు గుమ్మంలో కూర్చుని ఆకు ఏరుతోంది. పనికొచ్చేది ఒక పక్క, పోయింది ఒక పక్క. పోయిందే ఎక్కువ. పక్కింటామె తన చేటలోంచి ఒక కట్ట తీసి ఆమె చేటలో పెట్టింది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

పెద్దాయన నీ దగ్గరికి వచ్చాడు. నీ కుడిచేతిని తిప్పి చూశాడు. బొటనవేలంతా ఎర్రగా ఉంది. అది శివుడి వెనకాల నేల. ఎక్కడ ఊడిందో వెతికి చూడాలి.

"సబ్బుతోని కడుక్కో. ఇంగిలీకం పాదరసపు రంగు, నోట్లెకు పోవద్దు" అన్నాడు. "రేపు పొద్దుగూకంగనే రా. మార్కండేయుడు యజ్ఞం చేస్తడు. భావనారుషి పుడ్తడు. దేవతలకు బట్ట నెయ్యాలె, తామరతూడు నుంచి దారం తియ్యాలె. ఇంక సగం పటమున్నది."